సంక్రాంతి సెలవులకు పులికాట్ వెళ్దామా?

పిల్లలకు సెలవులంటే మనకు సంబరం కన్నా ముందు దిగులే వస్తుంది కదూ? ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎంతవుతుంది, "పక్షులు తప్ప అక్కడేముంది?" అని మీ ఆయన అడిగితే ఏం చెప్పాలి? ముందు ఆ టీ చల్లారకుండా తాగు, చెప్తాను.

ఈసారి పులికాట్ సరస్సుకు వెళ్లు. సముద్రపు నీరూ ఏటి నీరూ కలిసే సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్దది. ఎక్కువ భాగం మన ఆంధ్రాలోనే ఉంది. దూరమని బెంగ వద్దు. చెన్నై–గూడూరు రైలు మార్గంలో సూళ్లూరుపేటలో దిగితే చాలు. అక్కడి నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. వానలు బాగా కురిసిన ఏడాది రెండు పక్కలా నీళ్లే. ఆ నీళ్లలో తల తలకిందులుగా పెట్టి మేత వెతుక్కునే రాజహంసలు కనిపిస్తాయి. అవే ఫ్లెమింగోలు.

పిల్లలు విసుక్కుంటారేమోనని కదా నీ భయం? అయితే ముందు సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రం చూపించు. అక్కడ చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు కాపురం పెడతాయి. పిల్లకు ఆకలేస్తే తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేప లాక్కు తింటుంది. మన ఇంట్లో ముద్ద ముద్దకీ బతిమాలాలి, అక్కడ చూడు! ఊరివాళ్లు వాటిని తోలరు. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి బలమని వాళ్ల నమ్మకం.

తెల్లారేసరికి అక్కడుండాలి, ఎండెక్కాక పక్షులూ మనమూ అందరం డీలా పడతాం. పక్షులు బెదరకుండా మెరిసే ఎర్ర చుడీదార్ ఇంట్లోనే ఉంచు. పులిహోర, మంచినీళ్లు మీరే పట్టుకెళ్లండి, సరస్సు రోడ్డు మీద దుకాణాలను నమ్ముకోవద్దు. బాత్రూమ్ పని సూళ్లూరుపేటలోనే ముగించుకో, ఆడవాళ్లకి ఇదే అసలు మాట. ఫొటో కోసం గుంపు ఎగరాలని ఎవరైనా రాయి విసరబోతే మాత్రం మొహమాటపడకుండా ఆపు.

ఇంకో రోజు వీలైతే సరస్సు దక్షిణపు కొసన తమిళనాడులో ఉన్న పళవేర్కాడుకి వెళ్లండి. డచ్చివాళ్లు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టి, మన తీరపు బట్టలు ఓడలకెక్కించి సుగంధద్రవ్యాల దీవులకు పంపేవారు. కోటలో ఇప్పుడు మిగిలింది శిథిలాలే. వాళ్ల శ్మశానం గుమ్మం దగ్గర చెక్కిన రాతి అస్థిపంజరాలను చూస్తే మాత్రం మీ వాడు ఫోన్ మర్చిపోతాడు.

వేసవి ముదిరితే నీళ్లు ఇంకిపోతాయి, వలస పక్షులూ వెళ్లిపోతాయి. అందుకే టికెట్ల సంగతి ఇవాళే చూడమని మీ ఆయనకి చెప్పు.