నిదానమే ప్రధానము – ఇంజను మిస్సింగుపై ఒక పాఠము

"నిదానమే ప్రధానము" అను మాట మన రహదారుల ప్రక్కన బోర్డులపైనను, లారీల వెనుకను తరచుగా కనిపించును. అక్కడ నిదానమనగా తొందరపాటు లేకుండుట. కాని ఆ పదమునకు మూలకారణమనియు, రోగనిర్ణయమనియు వేరు అర్థములు కూడ కలవు. ఆయుర్వేదమున 'మాధవనిదానము' అను గ్రంథమునకు ఆ పేరు వచ్చినది ఈ అర్థములోనే. యునానీ హకీములు ఇదే పనిని 'తష్ఖీస్' అందురు. నబ్జ్ చూడకుండ నుస్ఖా వ్రాయు హకీమును ఎవరును నమ్మరు గదా! యంత్రములకును ఇదే నియమము వర్తించునని ఒక కారు మాకు నేర్పినది. మేము తెలుగు బోధించువారమే గాని మెకానిక్కులము కాము. అయినను ఆ పాఠము విద్యార్థులకు ఉపయోగపడునను తలంపుతో దానిని ఇక్కడ పొందుపరచుచున్నాము.

మా మేనమామగారు గుంటూరు, విజయవాడల మధ్య టాక్సీ నడుపుదురు. అది ఇంజెక్షన్ పద్ధతిలో పనిచేయు పాత పెట్రోలు కారు. ఒక వేసవిలో నలుగురు ప్రయాణికులతో, ఏసీ వేసికొని కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కునప్పుడు ఇంజను దగ్గినట్లు కొట్టుకొని, ఊపు తగ్గసాగినది. మెకానిక్కుల భాషలో దీనిని 'మిస్సింగు' అందురు. ఒక వర్క్‌షాపులో చూపగా, అయిదు నిమిషములలోనే "పంపు పోయింది, మార్చాలి" అని తేల్చిరి. మామూ అప్పు చేసి కొత్త పెట్రోలు పంపు వేయించిరి. వారము దినములు బండి చక్కగా నడిచినది. ఎనిమిదవ నాడు అదే వంతెనపై అదే దగ్గు!

ఇక్కడ మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఒకటి కలదు. పంపు చెడిపోకున్నచో, దానిని మార్చగానే బండి ఎట్లు బాగుపడినది? పంపు నిజముగనే చెడినచో, కొత్తది వేసిన తరువాత మిస్సింగు ఏల తిరిగి వచ్చినది? దీనికి సమాధానము తెలియుటకు ముందు ఇంజను నడుచు విధమును కొంత గ్రహింపవలెను.

మూడు అవసరములు

పెట్రోలు ఇంజనుకు ముఖ్యముగా మూడు కావలెను: తగిన గాలి, తగిన ఇంధనము, తగిన సమయమున నిప్పురవ్వ. సిలిండరులో ఒత్తిడి సరిగా నిలుచుట వీనికి ఆధారము. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండుటకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఇథనాలు కలిసిన పెట్రోలుకు కొంత తక్కువ గాలి చాలును. ఈ మూడింటిలో ఏది లోపించినను బయటికి కనబడు లక్షణము ఒక్కటే, మిస్సింగు. జ్వరము ఒక్కటే అయినను దాని కారణములు అనేకములైనట్లే ఇదియును. కావున మిస్సింగు వినగానే పంపును నిందించుట న్యాయము కాదు.

మొదటి మెట్టు: లక్షణ పరిశీలన

మిస్సింగు ఎప్పుడు వచ్చుచున్నదో మొదట వ్రాసికొనవలెను. బండి నిలిచి ఉన్నప్పుడు కొట్టుకొని, వేగమున సర్దుకొనునా? అట్లయిన ఎక్కడనో గొట్టము చిట్లి అదనపు గాలి ఇంజనులోనికి చొరబడుచున్నదేమో చూడవలెను. వానలోనే వచ్చునా? ప్లగ్గు వైర్లలో గాని కాయిలులో గాని పగుళ్లు ఉండవచ్చును. వేడెక్కిన తరువాతనే వచ్చునా? కాయిలును, సెన్సారులను అనుమానింపవచ్చును. ఎత్తు ఎక్కునప్పుడు, బరువు ఉన్నప్పుడు మాత్రమే వచ్చునా? ఇంధనము చాలకపోవుట ఒక కారణము కావచ్చును. కాని బలహీనమైన నిప్పురవ్వ కూడ సరిగా అక్కడనే తప్పును. ఏలయనగా భారము పెరిగినకొలది సిలిండరులో ఒత్తిడి పెరుగును, ఆ ఒత్తిడిలో రవ్వ దూకుటకు ఎక్కువ వోల్టేజి కావలెను.

ఇంకొక ముఖ్యమైన తర్కము కలదు. పంపు ఒక్కటే, సిలిండర్లు నాలుగు. అది నాలుగింటికిని ఒకే గొట్టము ద్వారా పెట్రోలు పంపును. కావున లోపము ఎల్లప్పుడును ఒక్క సిలిండరులోనే ఉన్నచో, దోషము పంపుది కానేరదు. ఆ సిలిండరు ప్లగ్గును, కాయిలును, ఇంజెక్టరును, ఒత్తిడిని పరీక్షింపవలెను. స్కానరు పెట్టినప్పుడు పి 0301 మొదలు పి 0304 వరకు గల సంకేతములు ఏ సిలిండరు తప్పుచున్నదో చెప్పును. పి 0300 అన్నచో లోపము ఒక్క చోట నిలువక పలు సిలిండర్లలో కనబడుచున్నదని భావము. అయితే ఈ సంకేతములు సాక్షులే గాని తీర్పులు కావు.

రెండవ మెట్టు: చౌక పరీక్షలు

ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చుతో కూడినవి తరువాత జరుగవలెను. ప్లగ్గులు విప్పి మసియును, అరుగుదలయును చూచుట, గాలి ఫిల్టరు చూచుట, రబ్బరు గొట్టములను తడిమి చూచుట మొదటివి. మిస్సింగు వచ్చినప్పుడు బండిని సురక్షితముగా ప్రక్కకు నిలిపి ఇంజను ఆపి, పెట్రోలు ట్యాంకు మూత తెరచి చూడవచ్చును. గాలిని గట్టిగా లోనికి పీల్చుకొని, ఆ తరువాత బండి మామూలుగా నడిచినచో ట్యాంకునకు గాలి పోవు దారి మూసికొని ఉండవచ్చును. ట్యాంకులో నీరు చేరెనేమో కూడ చూడవలెను. ఇథనాలు కలిసిన పెట్రోలులో నీరు హద్దు మీరినచో, నీరును ఇథనాలును కలిసి విడివడి అడుగునకు దిగును. పంపు పీల్చుకొనునది ఆ అడుగు భాగమునుండియే.

నడుచుచున్న ఇంజనులో ప్లగ్గు వైరును చేతితో లాగి చూచు పాత అలవాటు మంచిది కాదు. అందు వేలకొలది వోల్టుల విద్యుత్తు ఉండును.

మూడవ మెట్టు: పంపు విచారణ

2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడరు వంటి కార్బురేటరు బండ్లలో పంపు ఇంజను ప్రక్కనే ఉండెడిది. ఎండలో పెట్రోలు ఆవిరై బండి ఆగినప్పుడు డ్రైవర్లు దానిపై తడిగుడ్డ వేసెడివారు. ఇంజెక్షన్ బండ్లలో విద్యుత్తుతో తిరుగు పంపు సాధారణముగా ట్యాంకు లోపలనే ఉండును. చుట్టునున్న పెట్రోలే దానిని చల్లబరచును. అందువలన ఎల్లప్పుడును ట్యాంకును అడుగంట నడుపుట పంపునకు కీడు.

తాళము తిప్పగానే రెండు క్షణములపాటు వెనుకనుండి సన్నని హోరు వినవచ్చినచో పంపు తిరుగుచున్నదని తెలియును. కాని తిరుగుట వేరు, చాలినంత ఒత్తిడి ఇచ్చుట వేరు. దానికి ప్రెషరు గేజి పెట్టి కొలువవలసినదే. అనేక ఇంజెక్షన్ కార్లలో ఈ ఒత్తిడి సుమారు 3 బార్లు. ఏ బండికి ఎంత ఉండవలెనో దాని సర్వీసు పుస్తకమునందు చూడవలెను. ఇంజను నిలకడగా ఉన్నప్పుడే గాక, మిస్సింగు వచ్చు స్థితిలో కూడ కొలుచుట ముఖ్యము. గొట్టములలో పెట్రోలు ఒత్తిడితో ఉండును గనుక, ఒత్తిడి తగ్గింపక విప్పరాదు. దరిదాపున నిప్పు ఉండరాదు. ఈ పనిని అనుభవజ్ఞులే చేయవలెను.

గేజి తక్కువ చూపినను పంపునకు శిక్ష వేయుటకు అప్పటికిని తొందరపడరాదు. ఫిల్టరు మూసికొనిపోయినను, రెగ్యులేటరు చెడినను, పంపునకు కరెంటు చాలకపోయినను ఒత్తిడి తగ్గును. ఆకలితో ఉన్న కూలివాడు బరువు మోయలేనప్పుడు తప్పు ఎవరిది?

ఉస్తాదు తీర్పు

మామూ చివరకు ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు పోయిరి. మేమును వెంట వెళ్లితిమి. "ఉస్తాద్, కొత్త పంపు కూడా పోయినట్టుంది" అని మామూ వాపోగా, ఆయన నవ్వి, "పంపును తర్వాత అడుగుదాం మియా. ముందు దానికి కూడు అందుతోందో లేదో చూద్దాం" అనెను. గేజి చూడగా నిలకడలో ఒత్తిడి సరిగానే ఉన్నది, భారమున పడిపోవుచున్నది. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ వద్ద మల్టీమీటరు 13.9 వోల్టులు చూపినది, పంపు తీగెల మధ్య 10.4 మాత్రమే. మూడున్నర వోల్టులు దారిలో ఎక్కడ పోయినవి? వెనుక సీటు క్రింద పంపు ఎర్తు తీగె బిగించిన బోల్టు తుప్పు పట్టి పచ్చబడి ఉన్నది. ఉస్తాదు దానిని విప్పి, గరుకు కాగితముతో రుద్ది, గట్టిగా బిగించెను. బండి ఆ సాయంత్రమే నలుగురితో వంతెన ఎక్కినది. నాటినుండి మిస్సింగు లేదు.

ముందటి ప్రశ్నకు సమాధానము కూడ అక్కడనే దొరికినది. పంపు మార్చునప్పుడు ఆ తీగెలు కదిలి, తుప్పు కొంత రాలి, వారము దినములు కరెంటు బాగుగ పారినది. ఆ బాగుపాటును చూచి పంపే దోషియని అందరును నమ్మితిరి. మార్చిన వెంటనే బాగుపడుట నిరూపణ కాదు. కొలతయే నిరూపణ.

మామూ కొత్త పంపు అప్పును ఆరు నెలలు తీర్చిరి. పాత పంపును తిరిగి అడుగగా, అది అప్పటికే పాత ఇనుముతో పాటు వెళ్లిపోయినదనిరి. బహుశః అది నిర్దోషి. కావున ఏ భాగము మార్పించినను పాతదానిని అడిగి ఇంటికి తెచ్చుకొనవలెనని, మార్పించుటకు ముందు "ఏ కొలత చూచి చెప్పుచున్నారు?" అని మర్యాదగా అడుగవలెనని మా మనవి. ఆ ప్రశ్నకు మంచి మెకానిక్కు కోపగించుకొనడు. ఉస్తాదువలె మీటరును మన వైపునకు త్రిప్పి చూపును.