యూనిఫాం ఎవరి కోసం?



ప్రతి ఏడాది జూన్‌లో బడులు తెరిచే ముందు మీ సహాయంతో పేద పిల్లలకు యూనిఫాం గుడ్డ, కుట్టుకూలీ, పుస్తకాలు అందుతున్నాయి. అల్హందులిల్లాహ్. ఆ యూనిఫాం గురించే ఈసారి నాలుగు మాటలు రాయాలనుకున్నాం. మీరిచ్చిన గుడ్డ బిడ్డను బడి లోపలికి తీసుకువెళ్లాలి. యూనిఫాం పేరు చెప్పి బిడ్డను గేటు బయట నిలబెడితే మీ సొమ్ము ఏ పనికోసం ఇచ్చారో ఆ పని జరగనట్లే.

యూనిఫాం వల్ల మేలు

యూనిఫాం వద్దని మేము అనడం లేదు. మేస్త్రీ కొడుకు, వ్యాపారి కొడుకు ఒకే బెంచీ మీద ఒకే రంగు చొక్కాతో కూర్చుంటారు. రెండు జతల మంచి బట్టలు లేని పిల్ల కూడా సిగ్గుపడకుండా బడికి వస్తుంది. ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద యూనిఫాం ఇవ్వడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. అంటే యూనిఫాం పుట్టింది పిల్లలను దగ్గరకు చేర్చడానికి. నియమాలు రాసేటప్పుడు, అమలు చేసేటప్పుడు ఈ సంగతి మరిచిపోతున్నాం.

మేము చేసిన పొరపాటు

ఉదయం ప్రార్థన వేళ పిల్లలను వరుసలో నిలబెట్టి గోళ్లు, జుట్టు, బూట్లు చూడడం ఉపాధ్యాయులుగా మాకు అలవాటు. ఒకసారి ఏడో తరగతి అబ్బాయి మెడలో తావీజు కనిపించింది. తీసెయ్యమన్నాం. తియ్యలేదు. "తీస్తేనే రేపు బడికి రా" అన్నాం. నాలుగు రోజులు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, జబ్బుపడ్డప్పుడు వాళ్ల నానీ కట్టిందని, ఆమె పోయి ఇంకా నెల కాలేదని తల్లి చెప్పింది. తావీజు కట్టుకోవచ్చా, కూడదా అన్నది ఆలిములు తేల్చవలసిన విషయం. ఆ నాలుగు రోజుల పాఠాలు మాత్రం పోయింది పిల్లవాడికే. చొక్కా లోపలికి వేసుకోమని చెబితే సరిపోయేది. ముందు కారణం అడగాలన్న ఆలోచన ఆ రోజు మాకు రాలేదు.

డర్బన్ ముక్కుపుడక

ఇలాంటి తగాదా ఒకటి దక్షిణాఫ్రికాలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 1860 నుంచి చెరకు తోటల్లో కూలికి మన దేశం నుంచి ఎందరో డర్బన్ ప్రాంతానికి వెళ్లారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. అలాంటి దక్షిణ భారత మూలాలున్న ఒక హిందూ కుటుంబంలోని అమ్మాయి 2004లో సెలవుల్లో ముక్కు కుట్టించుకుని చిన్న బంగారు ముక్కుపుడకతో బడికి వచ్చింది. చెవికి కమ్మలు పెట్టుకోవచ్చని బడి నియమాల్లో ఉంది. ముక్కుపుడకకు మాత్రం చోటు లేదు. ఇది మా కుటుంబ సంప్రదాయం అని తల్లి చెప్పింది. బడి ఒప్పుకోలేదు.

2007 అక్టోబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అమ్మాయి పక్షాన తీర్పు చెప్పింది. అందరికీ ఒకే నియమం అన్నంత మాత్రాన అందరికీ న్యాయం జరిగినట్లు కాదని, సహేతుకమైన సర్దుబాటు చేయాలని చెప్పింది. పిల్లలతో, తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో మాట్లాడి నియమావళి మార్చాలని, మినహాయింపు ఎలా కోరాలో అందులో రాయాలని ఆదేశించింది. కాని తీర్పు వచ్చేనాటికి ఆ అమ్మాయి ఆ బడి చదువు ముగించి వెళ్లిపోయింది.

లూటన్ బడి

దీనికి భిన్నమైన కేసు ఇంగ్లండులోని లూటన్‌లో జరిగింది. అక్కడి డెన్‌బీ హైస్కూలులో ముస్లిం పిల్లలే ఎక్కువ. బడి వారు తల్లిదండ్రులను, స్థానిక మసీదుల ఇమాములను సంప్రదించి సల్వార్ కమీజును కూడా యూనిఫాంగా ఒప్పుకున్నారు. తలకు స్కార్ఫు కట్టుకోవచ్చన్నారు. ఒక అమ్మాయి రెండేళ్లు అలాగే వచ్చి, 2002 సెప్టెంబరులో నిలువెల్లా కప్పే జిల్బాబుతో వచ్చింది. బడి వారు అంగీకరించలేదు. 2006 మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్ బడి పక్షాన తీర్పు ఇచ్చింది. బడి వారు ముందుగానే అందరినీ అడిగి జాగ్రత్తగా నియమం చేశారన్నది ఆ తీర్పులో ముఖ్యమైన అంశం. ఇక్కడ కూడా ఆ అమ్మాయికి సుమారు రెండేళ్ల బడి పోయింది.

ఒకచోట బిడ్డ గెలిచింది, మరోచోట బడి గెలిచింది. రెండు కేసుల్లోనూ న్యాయస్థానాలు చూసింది ఒకటే: నియమం చేసేముందు ఎవరిని అడిగారు, సర్దుబాటుకు చోటు ఉంచారా?

మన దేశంలో

కర్ణాటకలో హిజాబ్ వివాదం మీకు తెలిసిందే. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. యూనిఫాం క్రమశిక్షణకు, సమానత్వానికి అవసరమని జస్టిస్ హేమంత్ గుప్తా అన్నారు. జస్టిస్ సుధాంశు ధూలియా ఆడపిల్ల చదువు ఆగకూడదన్న విషయాన్ని ముందు పెట్టారు. కోర్టు తీర్పు ఏదైనా, పరీక్షల తేదీలు మాత్రం ఎవరి కోసమూ ఆగవు.

తెలుగునాట ఇంతకంటే సులువైన దారి మేము కళ్లారా చూశాం. కార్తీకమాసం రాగానే అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నల్లబట్టలతో, చెప్పులు లేకుండా వస్తారు. తిరుపతి మొక్కు ఉన్నవాడు జుట్టు పెంచుకుని వస్తాడు. చాలా బడుల్లో ఉపాధ్యాయులు సర్దుకుపోతారు, పాఠం నడుస్తుంది. యూనిఫాం రంగులోనే స్కార్ఫుకు ఒప్పుకున్న బడులూ ఉన్నాయి. నల్లబట్టలకు చోటు ఇవ్వగలిగిన బడి తెల్ల స్కార్ఫుకూ చోటు ఇవ్వగలదు. ఇది మనం గట్టిగా అడగవచ్చు, మర్యాదగా అడగవచ్చు.

మన ఇంట్లో ఎవరిని అడుగుతున్నాం?

బడిని నిలదీసే ముందు మనల్ని మనం కూడా చూసుకోవాలి. ఒకే ఇంట్లో పెద్దమ్మాయి స్కార్ఫు లేకుండా బయటికి రానంటుంది, చిన్నమ్మాయి ఇంకా సిద్ధంగా లేనంటుంది. ఇద్దరి తరఫునా మనమే మాట్లాడేస్తాం. భారతదేశం 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వారి అభిప్రాయం వినాలంటుంది. బడి క్రమశిక్షణ వారి గౌరవానికి తగినట్లు ఉండాలని కూడా అంటుంది. ధర్మం నేర్పడం పెద్దల బాధ్యత. బెదిరించి కట్టించిన గుడ్డ వల్ల ఆ నేర్పు వస్తుందని ముప్ఫై ఏళ్ల అనుభవంలో మాకు అనిపించలేదు.

దాతలు చేయగలిగినవి

మీరు సహాయం చేసే బడిని ఈ నాలుగు విషయాలు అడగండి:

1. దుస్తుల నియమం రాతపూర్వకంగా ఉందా? అడ్మిషన్ రోజే తల్లిదండ్రులకు చెబుతున్నారా?

2. మతం, ఆచారం, ఆరోగ్యం కారణంగా మినహాయింపు కావాలంటే ఎవరిని అడగాలి? నిర్ణయానికి ముందు బిడ్డ మాట వింటారా?

3. యూనిఫాం సరిగా లేని బిడ్డను ఇంటికి పంపుతున్నారా, క్లాసులో కూర్చోబెట్టి ఇంటికి చీటీ రాస్తున్నారా? విద్యాహక్కు చట్టం శారీరక శిక్షనే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. అందరి ముందు నిలబెట్టి అవమానించడం ఏ క్రమశిక్షణా కాదు.

4. వానాకాలంలో ఉతికిన జత ఆరకపోతే ఏం చేస్తారు? బడిలో రెండు మూడు అదనపు జతలు ఉంచడానికి ఖర్చు ఎంత?

మన వైపు నుంచి కూడా ఒక మార్పు కావాలి. యూనిఫాంలు ఇచ్చేటప్పుడు బిడ్డను వేదిక మీదికి పిలిచి ఫొటో తీయడం మానేద్దాం. తోటివారిలో తేడా కనబడకూడదనే కదా ఆ బట్టలు ఇస్తున్నది. కొలతలు తీసుకుని, కుట్టించి, తల్లి చేతికి ఇస్తే చాలు.

తావీజు అబ్బాయి అయిదో రోజు బడికి వచ్చాడు. పోయిన పాఠాలు సాయంత్రాలు కూర్చోబెట్టి మళ్లీ చెప్పాం. ప్రతి బిడ్డకూ అలా మళ్లీ చెప్పించుకునే అవకాశం దొరకదు. ఇన్షా అల్లాహ్, వచ్చే జూన్‌లో మీ సహాయం అందుకున్న ఏ బిడ్డా గేటు బయట నిలబడకుండా చూద్దాం.