వెండి బిళ్లలు, నాణేల పెట్టెలు: విలువ కట్టే పద్ధతి

ఆమదాలవలస: వెండి ధారణ పైకి పోయినప్పుడల్లా ఇళ్లలో దాచిన పాత రూపాయలు, ముద్ర వేసిన బిళ్లలు, నాణేల పెట్టెలు దుకాణం మెట్లెక్కుతాయి. 2025 డిసెంబరులో వాయిదా వ్యాపారంలో కిలో వెండి 2 లక్షల రూపాయలు దాటింది. పెళ్లికో, వైద్యానికో, సాగు మదుపుకో అమ్ముకునేవారికి లెక్క తెలియకపోతే సగం సొమ్ము చేజారవచ్చు. కొనేవారికి తెలియకపోతే రెండింతలు, మూడింతలు చెల్లించవలసి రావచ్చు.

మూడు విలువలు

ముద్ర ఉన్న వెండి వస్తువుకు మూడు విలువలుంటాయి. మొదటిది లోహం విలువ. రెండవది మజూరీ, పెట్టె, పన్ను, వర్తకుని లాభం కలిసిన అమ్మకపు ధర. మూడవది నాణేలు సేకరించేవారి గిరాకీ వల్ల వచ్చే విలువ. మొదటిది తూకంతో తేలుతుంది. రెండవ దానిలో లోహానికి మించిన భాగం తిరిగి అమ్మినప్పుడు సాధారణంగా రాదు. మూడవది కొద్ది సరకుకే వర్తిస్తుంది.

లోహం విలువకు సూత్రం ఇది: గ్రాముల తూకాన్ని స్వచ్ఛతతోను, ఆనాటి గ్రాము ధరతోను గుణించాలి. స్వచ్ఛతను వెయ్యి భాగాలలో చెబుతారు. బిళ్లపై 999 అని ఉంటే దాదాపు అంతా వెండే. 925 అని ఉంటే వెయ్యికి 75 పాళ్లు ఇతర లోహం.

పాత రూపాయి

1835 నుంచి 1939 వరకు బ్రిటిషు ఇండియా రూపాయి తూకం ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. కనుక అసలు వెండి 10.69 గ్రాములు. 1940లో యుద్ధకాలపు రూపాయికి వెండిని సగానికి తగ్గించారు. తూకం అదే, అసలు వెండి 5.83 గ్రాములే. 1947 నాటి రూపాయి నికెలుది. అందులో వెండి లేదు.

గ్రాము ధర 200 రూపాయలనుకుందాము. 1919 నాటి 10 రూపాయలలో లోహం విలువ 21,380 రూపాయలు. 1942 నాటి 10 రూపాయలలో 11,660 మాత్రమే. రెండింటినీ ఒకే గుట్టగా పోసి, ఒకే రేటు కట్టనిచ్చిన వారికి నష్టం తప్పదు. ముందు సంవత్సరాలవారీగా వేరుచేసి, తర్వాత తూచాలి. అరిగిన నాణేలకు అసలు తూకమే లెక్క.

1939 నాటి రూపాయి బహు అరుదు. 1911 నాటి అయిదవ జార్జి రూపాయిపై ఏనుగు బొమ్మ పందిలా ఉన్నదని ఆక్షేపణ వచ్చి, దానిని ఉపసంహరించారు. ఇటువంటివి దొరికితే కరిగించడానికి ఇవ్వరాదు. పులుసుతోగాని, పొడితోగాని తోమరాదు. తోమిన నాణేనికి సేకర్తలు ధర తగ్గిస్తారు.

రామారావు నాణెం

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్.టి. రామారావు స్మారక నాణెం మంచి పాఠం. ముఖవిలువ 100 రూపాయలు, తూకం 35 గ్రాములు, వెండి నూటికి 50 పాళ్లు. అంటే 17.5 గ్రాముల వెండి. హైదరాబాద్ టంకశాల దీనిని పెట్టెను బట్టి 4,050 నుంచి 4,850 రూపాయల వరకు అమ్మింది. అప్పటి ధారణలో లోహం విలువ 1,300 రూపాయల ప్రాంతంలో ఉండేది. మిగిలినది ముద్రకు, పెట్టెకు, అభిమానానికి చెల్లించిన ధర. లోహం ఒక్కటే 4,050 రూపాయలు చేయాలంటే గ్రాము 231 రూపాయలు దాటాలి. అంతేకాక, 2011 నాటి నాణేల చట్టం ప్రభుత్వ నాణేలను కరిగించడాన్ని నిషేధించింది. కనుక ఇక్కడ లోహం విలువ కొలబద్ద మాత్రమే; కొనవలసినవాడు సేకర్తే.

ప్రైవేటు టంకశాలల సెట్లు

అమెరికాలో 1964లో స్థాపించిన ఫ్రాంక్లిన్ మింట్ 1970లలో 925 వెండి బిళ్లలను, పతకాలను సెట్లుగా, చందా పద్ధతిపై అమ్మింది. తూకం గ్రెయిన్లలో ఉంటుంది. 1,000 గ్రెయిన్లంటే 64.8 గ్రాములు, అసలు వెండి 59.9 గ్రాములు. 1980 జనవరిలో ఔన్సు వెండి 50 డాలర్ల దరికి చేరినప్పుడు ఇటువంటి సెట్లు విస్తారంగా కొలిమిపాలయ్యాయి. మార్చి 27న ధర 11 డాలర్లకు దిగివచ్చింది. విదేశాలనుంచి బంధువులు తెచ్చిన సెట్టు ఉన్నవారు తక్కెడనే ముందుగా నమ్మాలి. అయితే పెట్టె, పత్రం పారవేయరాదు. పూర్తి సెట్టుకే సేకర్త మొగ్గుతాడు.

నీటి పరీక్ష

వెండి సాంద్రత 10.49. 100 గ్రాముల బిళ్లను దారంతో కట్టి నీటిలో ముంచి తూచితే 9.5 గ్రాములు తగ్గాలి. 11 గ్రాములకు పైగా తగ్గితే జర్మన్ సిల్వరో, పూత వేసిన రాగో అని అనుమానించాలి. అయస్కాంతం చాలదు, రాగి, సీసం దానికి అంటుకోవు.

అమ్మబోయేవారు ఆమదాలవలసలోగాని, శ్రీకాకుళంలోగాని, నరసన్నపేటలోగాని కనీసం రెండు దుకాణాలలో విచారించాలి. తూకం, స్వచ్ఛత, గ్రాము ధర, తరుగు అనే నాలుగు అంకెలను చీటీపై విడివిడిగా రాయించుకోవాలి. ఆ నాలుగూ రాయడానికి వెనుకాడే చోట బేరం కుదుర్చుకోకపోవడమే మేలు.