నోటిమాట మీద ఖబరస్తాన్ నిలవదు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా దర్భా బ్లాకులో ఛింద్‌వాడా అనే ఊరుంది. 2025 జనవరి 7న అక్కడ ఒక పాస్టర్ చనిపోయారు. ఊరి శ్మశానంలో పూడుస్తామంటే గ్రామస్తులు ఒప్పుకోలేదు. సొంత పొలంలో పూడ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. కొడుకు బిలాస్‌పూర్ హైకోర్టుకు వెళ్తే 9న చుక్కెదురైంది. అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు వెళ్తే 27న తీర్పు వచ్చింది. అన్నాళ్లూ తండ్రి మృతదేహం మార్చురీలోనే ఉంది.

అది క్రైస్తవ కుటుంబం. అయినా బస్తర్‌లో ఖబరస్తాన్ జాగా కోసం తిరుగుతున్న ప్రతి ముస్లిం జమాత్ పెద్దలూ ముందు చదవాల్సింది ఈ కేసునే. శ్మశానంలో తమవాళ్ల కోసం పంచాయతీ ఒక భాగం కేటాయించిందని ఆ కుటుంబం చెప్పింది. ఆదివాసులకు ఒక వైపు, మరో కులంవారికి ఒక వైపు, క్రైస్తవులకు ఒక వైపు అని వాడుకలో ఉందనీ, తమ తాత, మేనత్తల సమాధులు అక్కడే ఉన్నాయనీ వాదించింది. కానీ ఆ కేటాయింపంతా నోటిమాటే. రాతలో ఒక్క ముక్క లేదు. ఊళ్లో క్రైస్తవులకు వేరే శ్మశానం లేదంటూ సర్పంచ్ ఇచ్చిన ధ్రువపత్రం మాత్రం కోర్టు ముందుకు వచ్చింది. సమాధులు కళ్లెదుట ఉన్నా కాగితమే నెగ్గింది.

సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులూ చెరో తీర్పు రాశారు. సొంత పొలంలో ఖననానికి అనుమతించాలని జస్టిస్ బి.వి.నాగరత్న అన్నారు. పంచాయతీ తన బాధ్యత విస్మరించిందని తప్పుబట్టారు. రాష్ట్రమంతటా క్రైస్తవులకు ఖనన స్థలాలను రెండు నెలల్లో గుర్తించాలనీ రాశారు. ఖననం హక్కే అయినా నచ్చిన చోట చేసే హక్కు లేదనీ, ప్రభుత్వం గుర్తించిన చోటే జరగాలనీ జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. మృతదేహాన్ని ఇంకా మార్చురీలో ఉంచడం ఇష్టంలేక ఇద్దరూ కేసును పై ధర్మాసనానికి పంపలేదు. 142వ అధికరణ కింద ఒకే ఆదేశం ఇచ్చారు. పోలీసు రక్షణతో 20-25 కిలోమీటర్ల దూరంలోని కర్కాపాల్ శ్మశానంలో ఖననం చేయాలన్నారు.

పుట్టి పెరిగిన ఊళ్లో ఆ మనిషికి ఆరడుగుల నేల దక్కలేదు.

ఇదే బస్తర్‌లోని ఛింద్‌బహార్ కేసులో 2024 ఏప్రిల్‌లో హైకోర్టు సొంత భూమిలో ఖననానికి అనుమతించింది. ఆ ఉత్తర్వు చూపించి ధైర్యంగా ఉన్నవాళ్లున్నారు. అది పొరపాటు. ఒక శవానికి దొరికిన అనుమతి ఒక జమాత్‌కు ఖబరస్తాన్ కాదు. పైగా 2025 తీర్పు తరవాత సొంత పొలం వాదనను ఏ కోర్టు ఎటు తేలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. గ్రామ పంచాయతీల పరిధిలో శవాల ఖననానికి, దహనానికి 1999 నాటి నిబంధనలున్నాయి. కేటాయించిన చోటు కాక వేరే చోట పూడిస్తే అధికారులు అడ్డుకోవడానికి అవే ఆధారం.

మరి కాగితం ఎక్కడ పుడుతుంది? ఛత్తీస్‌గఢ్ భూ రెవెన్యూ స్మృతి 1959లోని 237వ సెక్షన్ చాలామందికి తెలియదు. ఎవరి స్వాధీనంలోనూ లేని ప్రభుత్వ భూమిని గ్రామ అవసరాలకు విడిగా కేటాయించే అధికారం దాని ప్రకారం కలెక్టర్‌దే. పశువుల మేతకూ, ఊరి నివేశన స్థలానికీ, సంతకూ ఇచ్చినట్టే శ్మశానానికీ ఇవ్వవచ్చని సెక్షన్‌లోనే రాసి ఉంది. అలా ఇచ్చిన భూమి ఊరి ఉమ్మడి వాడుకలు నమోదయ్యే ‘నిస్తార్ పత్రక్’లోకి ఎక్కాలి. 242వ సెక్షన్ కింద ఊరి ఆచారాలు, వాడుక హక్కులు నమోదుచేసే ‘వాజిబ్-ఉల్-అర్జ్’ అనే రికార్డు కూడా ఉంది. ఇప్పటికే సమాధులున్న చోటైతే పట్వారీ దగ్గర ఖస్రా (సర్వే నంబర్ల రికార్డు) నకలు తీయించి, చివర ‘కైఫియత్’ గడిలో ఏం రాసి ఉందో చూడాలి. అక్కడ ‘కబ్రిస్తాన్’ అని ఉంటే సగం కేసు గెలిచినట్టే. గడి ఖాళీగా ఉంటే మరణం జరగకముందే ఆ ఖాళీ నింపించే పని మొదలుపెట్టాలి.

సర్పంచ్ మంచివాడనీ, పట్వారీ తలూపాడనీ ఊరుకునే జమాత్‌లే ఎక్కువ. ఆ సర్పంచ్ అయిదేళ్లకు మారతాడు, పట్వారీ బదిలీ అవుతాడు. గొడవ వచ్చిన రోజు ఎస్‌డీఎం అడిగేది కాగితమే. ఇచ్చిన అర్జీకి రసీదు కూడా అడగని పెద్దలను ఏ వకీలూ కాపాడలేడు. అర్జీ తీసుకుని నెలల తరబడి బల్ల మీద పెట్టుకునే అధికారులదీ చిన్న తప్పేమీ కాదు. వాళ్లు తేల్చని ఫైలే రేపు ఊళ్లో శాంతిభద్రతల సమస్యగా తేలుతుంది. అప్పుడు పోలీసు బలగాన్ని దింపేదీ వాళ్లే.

నోటిమాట ఒక గుంటైతే, రెండో గుంట ఇంకా లోతైనది. బస్తర్ అయిదో షెడ్యూల్ ప్రాంతం. తెలిసిన ఆదివాసీ రైతు జాలిపడి ఒక ముక్క ఇచ్చాడనో, అమ్మాడనో అక్కడ ఖననం మొదలుపెడితే ఆ భూమి నిలవదు. భద్రాచలం, కొంటా సరిహద్దుల్లో 1/70 చట్టం గురించి విన్నవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో అదే పని భూ రెవెన్యూ స్మృతి 165వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ చేస్తుంది. నోటిఫై అయిన ప్రాంతాల్లో ఆదివాసీ భూమి ఆదివాసేతరుల పేరుకు మారదు. చట్టబద్ధ హక్కు లేకుండా వాళ్ల స్వాధీనంలో ఉంటే 170-బి కింద గ్రామసభే తిరిగి ఇప్పించవచ్చు. దీనికి తోడు 2025 వక్ఫ్ సవరణ చట్టంలో 3-ఇ సెక్షన్ వచ్చింది. అయిదు, ఆరు షెడ్యూళ్ల కింద షెడ్యూల్డ్ తెగలవారికి చెందిన భూమిని వక్ఫ్‌గా ప్రకటించడానికి వీల్లేదని అది చెబుతోంది. 2025 సెప్టెంబర్ 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపేసింది గానీ ఈ సెక్షన్‌ను నిలిపేయలేదు. అందుకని ఆదివాసీ పట్టా భూమిలో ఖబరస్తాన్ వద్దు, దానంగా ఇచ్చినా వద్దు.

ఆ వక్ఫ్ సవరణ నోటిమాటకు ఇంకో దారీ మూసేసింది. 2025 ఏప్రిల్ 8 నుంచి రాతపూర్వక వక్ఫ్‌నామా లేకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదు. తరతరాల వాడుక వల్లే వక్ఫ్ అయిందనే వాదన ఇకపై కొత్త భూమికి పనికిరాదు. పాత ఖబరస్తాన్‌ల ముతవల్లీలు (వక్ఫ్ నిర్వాహకులు) వక్ఫ్ ఆస్తుల నమోదుకు కేంద్రం పెట్టిన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించారో లేదో చూసుకోవాలి. గడువు దాటిపోయి ఉంటే వక్ఫ్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి.

పాత వాడుకకు ఒకప్పుడు కోర్టుల్లో గట్టి విలువే ఉండేది. సమాజంవారు ఎన్నో ఏళ్లుగా ఖననం చేస్తూ వస్తే ఆ స్థలం సార్వజనిక ఖబరస్తాన్‌గా అంకితమైనట్టు భావించవచ్చని 1976లో సయ్యద్ మహమ్మద్ సాలీ లబ్బై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పే రెవెన్యూ రికార్డుల్లోని నమోదుకు పెద్ద బరువిచ్చింది. 2023 మే 18న సేలం ఖబరస్తాన్ కేసు వచ్చేసరికి ఫలితం వేరయింది. ఆ స్థలంలో ఖననాలు 1867లోనే ఆగిపోయాయి. వక్ఫ్ చట్టం ప్రకారం సర్వే జరగకుండా జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన అది వక్ఫ్ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. గెజిట్‌లో పేరున్నవాళ్లకే ఆ గతి పడితే, నోటిమాట మీద ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కొత్తగా అడిగే జమాత్ కలెక్టర్‌కు ఇచ్చే అర్జీలో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఎన్ని ముస్లిం కుటుంబాలున్నాయి, ఇప్పుడు ఎక్కడ ఖననం చేస్తున్నారు, దగ్గరి ఖబరస్తాన్ ఎంత దూరం, అడుగుతున్న ప్రభుత్వ భూమి ఖస్రా నంబరు ఎంత. భూమి నీటి వనరులకు, ఇళ్లకు దూరంగా ఉందని చూపే నక్షా జతచేయాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం అమల్లో ఉన్న ప్రాంతం కనుక గ్రామసభ ముందుకు వెళ్లక తప్పదు. ఊరి ఆదివాసులతో ముందే కూర్చుని మాట్లాడుకుని, వాళ్ల దేవగుడికీ పెద్దల సమాధులకూ అడ్డురాని చోటు ఎంచుకుంటే తీర్మానం దొరికే అవకాశం ఎక్కువ. పంచాయతీ ఒప్పుకుంటే తీర్మానం నకలు, తేదీ, ముద్ర తీసుకోవాలి. కాదంటే ఆ కాదన్న మాటా రాతలోనే అడగాలి. రాసివ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. ఆ కాగితాలతో 226వ అధికరణ కింద బిలాస్‌పూర్‌లో రిట్ వేయవచ్చు. ఇంట్లో శవం లేనప్పుడు వేసిన రిట్‌లో కలెక్టర్ చేత జాగా వెతికించి, గడువు పెట్టించడానికి న్యాయమూర్తికి సమయం ఉంటుంది.