తార్నాక పెరట్లో గ్రీన్‌హౌస్

గ్రీన్‌హౌస్ అనగానే చలిదేశాల అద్దాల ఇల్లు గుర్తుకొస్తుంది. అక్కడ దాని పని వేడిని కాపాడటం. మన హైదరాబాదు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది గనుక ఇక్కడి సంగతి వేరు. ఇది నేను నష్టపడి నేర్చుకున్న పాఠం.

తార్నాకలో మా అద్దె గది వెనక వెదురుబద్దలు వంచి, పాలిథీన్ కప్పి, టమాటా నారు పోశాను. విత్తనాలు నాయన ఊళ్లో మడికని డబ్బు పెట్టి కొన్నవాటిలోంచి తీసిచ్చినవి. ఏప్రిల్‌లో ఒకరోజు నాలుగు పక్కలా మూసి ఉస్మానియాలో క్లాసులకు పోయాను. సాయంత్రానికి నారంతా వాడి పడిపోయింది.

కారణమేమిటి? 1909లో ఆర్. డబ్ల్యూ. వుడ్ అనే భౌతికశాస్త్రవేత్త రెండు పెట్టెలను ఎండలో పెట్టాడు. ఒకదానికి గాజు మూత, రెండోదానికి రాతి ఉప్పు పలక. పెట్టెలోంచి వెలువడే పరారుణ కిరణాలను గాజు ఆపుతుంది, ఉప్పు పలక ఆపదు. అయినా రెండూ దాదాపు సమానంగానే వేడెక్కాయి! అంటే, వేడిగాలి బయటికి పోలేక చిక్కుకోవడమే అసలు కారణమన్నమాట.

రెండోసారి పక్కలు తెరిచి, పైన సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కట్టాను. నారు నిలిచింది. సెలవుల్లో ఇంటికి పోయి ఇదంతా చెబితే నాయన నవ్వాడు. "గాలాడకుంటే మనిషే బతకడు బిడ్డా, మొక్కేం బతుకుతది?" అన్నాడు.

వుడ్ గారు చెప్పిందీ అదే.