మూగప్రాణి నోటి బాధ - యజమాని బాధ్యత

మనం ఇంట్లో పెంచుకునే ప్రతి ప్రాణీ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అది ఆరోగ్యంగా ఉన్నంత కాలం ఈ అమానతును మోయడం తేలికే. జబ్బు పడినప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది. దానికి నోరు లేదు, తన బాధ చెప్పుకోలేదు. నిర్ణయం పూర్తిగా యజమాని చేతిలో ఉంటుంది. రేపు తీర్పుదినాన జవాబు చెప్పుకోవలసింది కూడా ఆ యజమానే.

ఒక సోదరి ఇటీవల మాకు ఇలా రాశారు: పిల్లల కోసం ఐదేళ్ళ క్రితం కుందేలును తెచ్చుకున్నారు. కొన్నాళ్ళుగా అది సరిగా తినడం లేదు. గడ్డం ఎప్పుడూ తడిగా ఉంటోంది, దవడ కింద గడ్డ లేచింది. దవడ పళ్ళు పెరిగిపోయి, వేరు దగ్గర చీము పట్టిందని పశువైద్యుడు చెప్పారు. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాలి, అయినా మళ్ళీ రావచ్చునన్నారు. “ఒక కుందేలు కోసం ఇంత డబ్బు పెట్టడం దుబారా అని బంధువులు అంటున్నారు. అలాగని చూస్తూ ఊరుకోలేకపోతున్నాం. మేము ఏం చేయాలి?” అన్నది ఆమె ప్రశ్న.

ప్రియ పాఠకులారా! ఇలాంటి ప్రశ్న కుందేళ్ళు పెంచే ఏ ఇంట్లోనైనా తలెత్తవచ్చు. కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

ధర్మం ఏమంటోంది?

దివ్యఖుర్ఆన్ అల్‌అన్‌ఆమ్ సూరాలో జంతువులను, పక్షులను మనలాంటి సముదాయాలుగా పేర్కొంది. పిల్లిని బంధించి, తిండి పెట్టక, వదిలిపెట్టనూ లేక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైన సంగతి, దాహంతో ఉన్న కుక్కకు బావిలో దిగి నీళ్ళు తెచ్చి తాపిన మనిషికి మన్నింపు లభించిన సంగతి హదీసు గ్రంథాలు చదివిన వారందరికీ తెలుసు. ఆ స్త్రీ పిల్లిని కొట్టి చంపలేదు. బంధించి పట్టించుకోకపోవడమే ఆమె నేరం. జబ్బు పడిన కుందేలును బోనులో ఉంచి పట్టించుకోని వారు ఈ సంగతిని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఒక అన్సారీ తోటలో దైవప్రవక్త (స) ను చూసి ఒంటె కన్నీరు కార్చింది. ఆయన దాన్ని నిమిరి, దాని యజమానిని పిలిపించి, దాన్ని పస్తులుంచి అలసిపోయేలా పని చేయిస్తున్నందుకు అతణ్ణి మందలించారు. మూగజీవి ఫిర్యాదును కూడా వినాలన్న పాఠం ఇందులో ఉంది.

పిల్లలు ప్రాణులను పెంచుకోవడంలో తప్పు లేదు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయి ఆ బాలుడు దిగులుగా ఉంటే దైవప్రవక్త (స) దాని గురించి ప్రేమగా అడిగి పలకరించారు. చిన్నపిల్లల ఇలాంటి దుఃఖాన్ని ఆయన తేలికగా తీసిపారేయలేదు. మనం కూడా తీసిపారేయరాదు.

జబ్బు ఎలాంటిది?

తీర్పు చెప్పే ముందు విషయం తెలుసుకోవడం మన పండితుల పద్ధతి. కుందేలు నోట్లో మొత్తం 28 పళ్ళుంటాయి. ముందు పళ్ళు ఆరు: పైన పెద్దవి రెండు, వాటి వెనుక చిన్నవి రెండు, కింద రెండు. మిగిలిన 22 దవడ పళ్ళు. ఇవన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమిలేటప్పుడు పళ్ళు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. పెరుగుదల, అరుగుదల సమానంగా సాగేలా సృష్టికర్త చేసిన ఏర్పాటు ఇది.

మనం గడ్డి తగ్గించి బిస్కెట్లు, బ్రెడ్డు, గింజలు, క్యారెట్ ముక్కలు పెడితే ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. కొన్ని కుందేళ్ళకు, ముఖ్యంగా పొట్టి మూతి గల చిన్న జాతులకు, దవడలు పుట్టుకతోనే సరిగా కలవవు. కారణం ఏదైనా, అరగని దవడ పళ్ళకు ముళ్ళలాంటి అంచులు ఏర్పడతాయి. కింది పళ్ళ అంచులు నాలుకను కోస్తాయి, పై పళ్ళ అంచులు బుగ్గను కోస్తాయి. వేర్లు దవడ ఎముకలోకి వెనక్కి పెరుగుతాయి. కంటి నీరు ముక్కులోకి పోయే దారి మూసుకుపోయి కన్ను కారుతుంది. చివరికి చీము గడ్డలు లేస్తాయి. కుందేలు చీము గట్టిగా, వెన్నలా ఉంటుంది. అది దానంతటది కారిపోదు. అందుకే గడ్డకు గాటు పెట్టి వదిలేస్తే సాధారణంగా నయం కాదు.

మరో ముఖ్య విషయం. కుందేలు తన బాధను దాచుకునే ప్రాణి. అది తినడం మానేసిందంటే బాధ ముదిరిందని అర్థం. సగం రోజు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. “రేపు చూద్దాం” అనడానికి వీల్లేని స్థితి అది.

వైద్యం: ఆశ, ప్రమాదం

మెలకువగా ఉన్న కుందేలు నోట్లో దవడ పళ్ళు పూర్తిగా కనబడవు. అసలు స్థితి తెలియాలంటే మత్తు ఇచ్చి చూడాలి, తలకు ఎక్స్‌రే తీయాలి. అంచులు మాత్రమే పెరిగి ఉంటే వాటిని చిన్న యంత్రంతో అరగదీస్తారు. పళ్ళు మళ్ళీ పెరుగుతాయి కనుక కొన్ని వారాలకో నెలలకో ఇదే పని మళ్ళీ చేయించాల్సి వస్తుంది. ముందు పళ్ళు మాత్రమే చెడితే వాటిని పూర్తిగా తీసేయవచ్చు. ఆ తర్వాత కూడా ముక్కలు చేసి పెట్టిన ఆహారాన్ని కుందేలు చక్కగా తింటుంది. చీము గడ్డ అయితే గడ్డను దాని పొరతో సహా తీయాలి, చెడిన పళ్ళను తీయాలి, చాలా రోజులు మందులు వాడాలి. ఇంత చేసినా కొన్నిసార్లు తిరగబెడుతుంది.

మత్తు ప్రమాదం గురించి కూడా నిజం తెలుసుకోవాలి. బ్రిటన్‌లో 2002-2004 మధ్య జరిగిన పెద్ద అధ్యయనంలో మత్తు ఇచ్చిన కుందేళ్ళలో 1.39 శాతం చనిపోయాయి. ఆరోగ్యంగా ఉన్నవాటిలో ఇది 0.73 శాతం కాగా, జబ్బుతో ఉన్నవాటిలో 7.37 శాతం. అంటే ఆలస్యం చేసి, కుందేలు చిక్కిపోయాక తీసుకువెళితే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. ఇంకొక మాట: కుందేలు వాంతి చేసుకోలేదు. కనుక మనుషులకు చెప్పినట్లు ఆపరేషన్‌కు ముందు దాన్ని పస్తు ఉంచరాదు.

తెలియని వైద్యం చేయరాదు

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసు బోధిస్తోంది. గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో ఇంట్లోనే పళ్ళు కత్తిరించేవారు, అమ్మినవాడి చేత కత్తిరింపించేవారు ఉన్నారు. అలా కత్తిరిస్తే పన్ను నిలువునా చీలి వేరు వరకు చీము పట్టవచ్చు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ పట్టించడం ఇంకా ప్రమాదం. మనుషులకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో విషం పుట్టి అది చనిపోవచ్చు. కుందేళ్ళకు వైద్యం చేసిన అనుభవం ఉందా అని ముందే అడిగి వైద్యుణ్ణి ఎంచుకోండి. దగ్గరలో అలాంటివారు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో విచారించవచ్చు.

ఖర్చు దుబారా అవుతుందా?

ఇక సోదరి గారి ప్రశ్నకు వద్దాం. ప్రాణి బాధ తీర్చడానికి పెట్టే ఖర్చును దుబారా అనలేం. ప్రాణమున్న ప్రతి జీవికి చేసిన మేలుకు పుణ్యం ఉంది. అయితే బాధ్యతలకు వరుస ఉంది. భార్యాబిడ్డలు, తల్లిదండ్రుల పోషణ, తీర్చవలసిన అప్పులు, విధిగా ఉన్న జకాత్ - ఇవి ముందు. వీటిని ఆపి గాని, వడ్డీకి అప్పు తెచ్చి గాని కుందేలుకు ఆపరేషన్ చేయించమని ధర్మం చెప్పదు. వీటికి లోటు లేనివారు చేయిస్తే అది కారుణ్యమే. పెళ్ళి పందిళ్ళకు, సెల్‌ఫోన్లకు వెనుకాడకుండా ఖర్చు పెట్టేవారు మూగజీవి మందు దగ్గర మాత్రం దుబారా గుర్తు చేయడం న్యాయం కాదు.

ఖరీదైన ఆపరేషన్ చేయించలేనివారిపై నింద లేదు. అయితే పోషణ మాత్రం తప్పనిసరి. బాధలో వదిలేయడానికి ఎవరికీ అనుమతి లేదు. నొప్పి తగ్గించే మందు వైద్యుణ్ణి అడిగి ఇవ్వడం, మెత్తని ఆహారం పట్టించడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులే.

ఆశ లేనప్పుడు

దవడ ఎముక పాడై, నొప్పి మందులకు తగ్గక, ప్రాణి తినలేని స్థితికి చేరితే ఏం చేయాలి? కుందేలు హలాల్ జంతువు. మక్కా సమీపంలోని మర్రుజ్జహ్రాన్ వద్ద పట్టిన కుందేలును హజ్రత్ అబూ తల్హా (రజి) జిబహ్ చేసి పంపిన మాంసాన్ని దైవప్రవక్త (స) స్వీకరించారు. కనుక నేర్పు గలవాడు, పదునైన కత్తితో, భయపెట్టకుండా జిబహ్ చేసే దారి షరీఅతులో ఉంది. జిబహ్‌లోనూ ఇహ్సాన్ పాటించమన్నది ప్రవక్త (స) ఆదేశం. మందులు వాడిన జబ్బు ప్రాణి మాంసాన్ని మాత్రం తినకండి, ఎవరికీ ఇవ్వకండి. ఇంజెక్షన్‌తో ప్రాణం తీయడాన్ని ఈనాటి పండితుల్లో కొందరు అనుమతించారు, కొందరు అనుమతించలేదు. వైద్యుడు చెప్పినదంతా వివరించి మీకు నమ్మకమైన ముఫ్తీ గారిని అడిగి ముందడుగు వేయండి. విసుగుతోనో, ఖర్చు తప్పించుకోవాలనో తీసుకునే నిర్ణయం వేరు, బాధ చూసి తీసుకునే నిర్ణయం వేరు. మన సంకల్పం అల్లాహ్‌కు తెలుసు.

నిర్ణయానికి ముందు వైద్యుణ్ణి ఈ నాలుగు విషయాలు అడగండి:

1. చెడింది పళ్ళ అంచులేనా, వేర్లూ ఎముకా కూడానా?
2. వైద్యం తర్వాత ఇది తనంతట తాను తినగలదా?
3. ఎన్నిసార్లు, ఎంత కాలానికొకసారి మళ్ళీ చేయించాలి? ఆ మొత్తం ఖర్చు ఎంత?
4. చేయించకపోతే నొప్పి లేకుండా ఎన్నాళ్ళు ఉంచగలం?

మొదటిదానికి అంచులే అని, రెండోదానికి తినగలదని జవాబు వస్తే, శక్తి ఉన్నవారు వెనుకాడకండి. ఎముక చెడి, తినే ఆశ కూడా లేదంటే, ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయించడం మన మమకారం కోసమే అవుతుంది గాని దాని మేలు కోసం కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్నవారు ఒక్కసారి వైద్యం చేయించి, వారానికోసారి తూకం చూసి, బరువు పెరుగుతోందా తగ్గుతోందా గమనించి తర్వాతి అడుగు వేయవచ్చు. పిల్లలకు మాత్రం జరిగేదేమిటో నిజం చెప్పండి. అబద్ధం చెప్పి ఓదార్చకండి.

కొత్తగా కుందేలును తేవాలనుకునేవారికి ఒక మనవి. ఇది పదేళ్ళ వరకు బతకగల ప్రాణి. రోజంతా నమలడానికి గరిక, ఎండుగడ్డి దాని ముందుండాలి. ఆహారంలో ఎక్కువ భాగం అదే కావాలి. అంత కాలం ఈ బాధ్యత మోయలేమనుకుంటే తేకపోవడమే మంచిది.

మన చేతికింద ఉన్న ప్రతి ప్రాణి హక్కును తెలుసుకుని నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.