రవ్వ సీసాలో రైస్ మాత్



గత నెల మా సెవెన్త్ క్లాస్‌లో ఒక అమ్మాయి పురుగు పట్టిన బొంబాయి రవ్వను సీసాలో పోసి తెచ్చింది. "మేడమ్, డబ్బా మూత గట్టిగానే పెట్టాం. మరి ఇవెలా పుట్టాయి?" అని అడిగింది. వెనక బెంచీలో ఎవరో "పురుగుల ఉప్మా" అని నవ్వారు. నేనేమో సరిగ్గా చూడకుండానే "ముక్కుపురుగు అయ్యుంటుంది" అనేశాను. తప్పు నాదే.

ముక్కుపురుగు ముదురు రంగులో గట్టిగా ఉంటుంది, గింజకు బెజ్జం పెడుతుంది. ఈ సీసాలో రవ్వ సన్నని దారాలతో ఉండలు కట్టింది. ఉండ విప్పితే గోధుమ రంగు తల ఉన్న తెల్లటి పురుగు! ఇది రైస్ మాత్ లార్వా. పెద్ద మాత్‌కు బూడిద, గోధుమ కలిసిన రంగు, రెక్కల మీద మచ్చలుండవు, వాలితే రెక్కలు ఒంటికి చుట్టుకుంటుంది. రెక్క చివరి సగం రాగి రంగులో ఉంటే అది వేరే జాతి, ఇండియన్ మీల్ మాత్.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. తల్లి మాత్ 100కు పైగా గుడ్లు పెడుతుంది. ఒక్కోటి అర మిల్లీమీటరే, రవ్వలో కలిస్తే కంటికి ఆనవు. మిల్లులోనో, షాపులోనో, మన పాత డబ్బా అంచులోనో, మూత పెట్టేసరికే అవి లోపలున్నాయి. (రవ్వ వేయించి దాచే అమ్మమ్మలకు ఈ సంగతి తెలుసన్నమాట.) వారంలోపు గుడ్డు పగులుతుంది. లార్వా దాదాపు నెల రోజులు తింటుంది, తర్వాత పట్టుగూడు అల్లుకుని పది రోజులు ప్యూపాగా ఉంటుంది. రెక్కలొచ్చాక ధాన్యం జోలికి రాదు, గుడ్లు పెట్టి ఒకటి రెండు వారాల్లో చనిపోతుంది. కాబట్టి ఎగిరేదాన్ని కొట్టడం కన్నా డబ్బా మూలలు కడిగి ఎండబెట్టడం మేలు.

మర్నాడు వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. "పరువు పోతుంది మేడమ్, పారేయండి" అన్నారు. అప్పుడు చెప్పాను: వ్యవసాయ ల్యాబుల్లో ఇదే మాత్‌ను జొన్న, సజ్జ నూకలో కావాలని పెంచుతారు. దాని గుడ్లను కార్డులకు అతికిస్తే, ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ వాటిలో తన గుడ్లు పెడుతుంది. ఆ కార్డులు చెరకు, వరి చేలలో కడితే, బయటికొచ్చిన కందిరీగలు తొలుచు పురుగుల గుడ్లను నాశనం చేస్తాయి.

ఆవిడ కాసేపు ఆగి, "అయితే ఉంచండి మేడమ్, పేరు మాత్రం రాయకండి" అన్నారు. మూతకు బదులు గుడ్డ కట్టిన ఆ సీసా ఇప్పుడు ల్యాబ్ కిటికీలో ఉంది. లేబుల్ మీద తేదీ ఒక్కటే రాశాం.